ఎవరికి వ్రాస్తున్నామో ఎరిగి వ్రాద్దాం



ఈ వారం నేను వ్రాసిన ఒక ఉత్తరం గురించి, దానివల్ల జరిగిన నష్టం గురించి మీతో చెప్పుకోవాలి. రెండేళ్ల క్రితం వర్షాకాలంలో, అల్లవరం మండలంలో నేను సేవ చేస్తున్న సంఘానికి చెందిన ఒక సహోదరుడు కొబ్బరి దింపు తీస్తూ తడిసిన చెట్టు మీద నుండి జారి పడిపోయాడు. వెన్నుపూస దెబ్బతింది. ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చేనాటికి నడుము కింద స్పర్శ లేదు. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. కదలకుండా పడుకుంటే వీపున పుండ్లు పడతాయని, గాలి పరుపు తప్పనిసరిగా వెయ్యాలని డాక్టరు గారు చెప్పి పంపించారు.

"అయ్యగారూ, సహాయం కోసం ఒక కాగితం వ్రాయండి" అన్నారు సంఘ పెద్దలు. వ్రాశాను. నిండు పేజీ. మొదటి ఆరు పంక్తులు దేవునికి స్తోత్రం. తరువాత యోబు భక్తుని శ్రమలు. ఆ తరువాత మాసిదోనియ సంఘాల ఔదార్యం గురించి రెండవ కొరింథీ పత్రిక నుండి రెండు రిఫరెన్సులు. చివరన, ఈ కుటుంబపు అవసరతల నిమిత్తం ప్రేరేపింపబడిన ప్రకారం సహకరించగలరని మనవి. అదే కాగితం ఆదివారం ఆరాధనలో చదివాం. అదే సెంటర్లో షాపుల దగ్గర అంటించాం. అదే ఫోటో తీసి గల్ఫ్‌లో ఉన్న మన సహోదరీలకు పంపాం. అదే ఒక కార్యాలయంలో ఇచ్చిన అర్జీకి జతచేశాం.

సంఘంలో కానుక పట్టారు. అది మందులకు, అంబులెన్సు బాకీకి సరిపోయింది. బయట నుండి ఏమీ రాలేదు. పదిహేను రోజుల తరువాత అదే వీధి చివర ఉండే ఒక పెద్దమనిషి నాకు ఎదురుపడ్డారు. ఆయన మన సంఘస్థుడు కాదు, క్రైస్తవుడు కాదు. మాటల్లో గాలి పరుపు సంగతి వచ్చింది. ఆయన నిలబడిపోయారు.

"ఆ కుర్రాడు పడ్డాడని తెలుసండి. ఏం కావాలో తెలీలేదండి. మీ కాగితం కూడా చూశాను, చర్చి చందా కాగితం అనుకున్నానండి. మా నాన్నగారు మంచంలో ఉన్నప్పుడు కొన్న గాలి పరుపు మా అటక మీదే ఉందండీ. ఒక్క మాట చెప్తే ఆ రోజే పంపేవాణ్ణి గదండీ!"

ఆ సాయంత్రమే పరుపు పంపించారు. అప్పటికే పుండు పడింది. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది.

నా ఉత్తరంలో అబద్ధం లేదు. వాక్యవిరుద్ధమైనదేదీ లేదు. సెమినరీలో నేర్చుకున్న భాషలో ఒక్క తప్పు లేదు. గాలి పరుపు అనే మాట మాత్రం లేదు. వ్రాస్తున్నంతసేపూ నా ఎదుట ఉన్నది నా ఉత్తరమే గాని, దాన్ని చదవబోయే మనిషి కాదు.

కప్పు విప్పిన నలుగురు

ఆ రాత్రి నేను మార్కు సువార్త రెండవ అధ్యాయం తెరిచాను. పక్షవాయువుగల ఒకనిని నలుగురు మోసుకొని రావడం, జనం క్రిక్కిరిసి ఉండగా ఇంటి మీదికెక్కి సందు చేసి ప్రభువు ఎదుటికి దించడం మనకందరికీ తెలిసిన సంగతే. మార్కు వాడిన గ్రీకు మాటకు కప్పును తవ్వారని అర్థం. పాలస్తీనాలో సామాన్యుల ఇళ్లకు దూలాల మీద కొమ్మలు, రెల్లు పరచి మట్టి మెత్తిన చదును కప్పు ఉండేది. అది తవ్వితేనే సందు పడుతుంది.

ఇదే సంగతిని లూకా ఐదవ అధ్యాయంలో వ్రాస్తూ పెంకుల గుండా దించారని అన్నాడు. లూకా వ్రాసినది థెయొఫిలా అనే ఘనునికి, ఆయనతోపాటు గ్రీకు పట్టణాల్లోని పాఠకులకు. వాళ్లకు ఇల్లంటే పెంకుల కప్పు. మట్టి కప్పును తవ్వడమంటే వాళ్ల కంటికి ఏదీ కనబడదు. అందుకే వాళ్ల ఊరి ఇంటిని చూపించాడని చాలామంది పండితులు చెబుతారు. మన వైపే చూడండి. తాటాకు ఇంట్లో పెరిగినవానికి కప్పు విప్పడమంటే ఒక పని, పెంకుటింట్లో పెరిగినవానికి మరొక పని. డాబా ఇంట్లో పుట్టిన ఈనాటి పిల్లలకు అసలు కప్పు విప్పడమేమిటో చెప్పాలి.

మత్తయి తొమ్మిదవ అధ్యాయంలో ఇదే అద్భుతాన్ని వ్రాస్తూ కప్పు మాటే ఎత్తలేదు. అయితే ముగ్గురిలోనూ మారనిది చూడండి. ఆ మనిషి నడవలేనివాడు. వేరేవాళ్లు మోసుకొచ్చారు. ప్రభువు ముందుగా అతని పాపాలు క్షమించాడు. అతడు లేచి మంచమెత్తుకొని ఇంటికి పోయాడు. ఇల్లు పాఠకుని ఊరికి తగినట్టు కనబడింది గాని, జరిగిన కార్యం ఎవరి కోసమూ మారలేదు.

ఇలాంటివి సువార్తల్లో ఎన్నో. మత్తయి వంశావళిని అబ్రాహాముతో మొదలుపెట్టాడు, ఎందుకంటే యూదుడు మొదట అడిగేది అదే. లూకా దాన్ని ఆదాము వరకు తీసుకుపోయాడు, ఎందుకంటే అన్యజనుడు "ఇందులో నాకేమి పాలు?" అని అడుగుతాడు. చేతులు కడుక్కోకుండా భోజనం చేయడం గురించిన వాదాన్ని మత్తయి ఏ వివరణా లేకుండా వ్రాశాడు. మార్కు మాత్రం ఏడవ అధ్యాయంలో కాసేపు ఆగి, యూదుల ఆచారం ఇలా ఉంటుందని రెండు వచనాల్లో చెప్పి ముందుకు వెళ్లాడు. తలీతాకుమీ అని వ్రాసి వెంటనే దాని అర్థం కూడా చెప్పాడు. మిగిలినవారు సముద్రమన్న గలిలయను లూకా సరస్సు అన్నాడు. ఓడలరేవు తీరాన నిలబడి బంగాళాఖాతాన్ని రోజూ చూసేవానికి ఈ తేడా నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఒకే అపొస్తలుడు, మూడు ప్రసంగాలు

పౌలు సంగతి ఇంకా స్పష్టం. అపొస్తలుల కార్యములు 13, 14, 17 అధ్యాయాలు ఒకే రోజు కూర్చొని వరుసగా చదవండి. పిసిదియలోని అంతియొకయ సమాజమందిరంలో ఆయన ఐగుప్తు దాస్యం, న్యాయాధిపతులు, సౌలు, దావీదు అంటూ వాళ్ల చరిత్రతోనే మొదలుపెట్టాడు. లుస్త్రలో ధర్మశాస్త్రం ఎరుగని జనుల ఎదుట లేఖనాల ఊసెత్తలేదు. ఆకాశం నుండి కురిసే వాన, పంటకాలం, కడుపు నిండా అన్నం గురించి మాట్లాడాడు. ఏథెన్సులో జ్ఞానుల మధ్య వాళ్ల ఊరి బలిపీఠాన్ని చూపించాడు, వాళ్ల కవుల మాటనే ఎత్తుకున్నాడు.

యెరూషలేములో ఇంకా ఆశ్చర్యం. 21వ అధ్యాయం చివర సైన్యాధికారితో గ్రీకులో మాట్లాడి అనుమతి తీసుకున్న మనిషి, కాసేపటికే మెట్ల మీద నిలబడి జనంతో హెబ్రీ భాషలో మాట్లాడాడు. తమ భాష వినబడేసరికి అంతటి అల్లరిమూక నిశ్శబ్దమైపోయింది.

ఇలా చేయడం లౌక్యమని కొందరు అనుకుంటారు. మొదటి కొరింథీ పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో పౌలు దానికి కారణం చెప్పాడు. తాను స్వతంత్రుడైనా కొందరినైనా రక్షించడానికి అందరికీ దాసుడయ్యానన్నాడు. దాసుడు యజమాని భాష నేర్చుకుంటాడు, యజమాని వేళలకు లేస్తాడు. వ్రాసేవాడు పాఠకునికి దాసుడైతే పాఠకుని మాట తానే వెదుక్కుంటాడు. పాఠకుడే తనకు దాసుడు కావాలనుకుంటే నాలాగా యోబుతో మొదలుపెడతాడు.

గోదావరి ఒడ్డున

మన ప్రాంతానికి సువార్త వచ్చిన తీరు కూడా ఇదే పాఠం చెబుతుంది. 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు. వశిష్ఠ పాయ దాటితే మన సఖినేటిపల్లి. వాళ్లు మొదట చేయవలసివచ్చిన పని ప్రసంగం కాదు, తెలుగు నేర్చుకోవడం. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు ఊరూరి నుండి కూలీలు అక్కడ చేరారు. బౌడెన్ ఆ కూలీల మధ్య మాట్లాడాడు. చదువురానివాళ్లు, పగలంతా రాళ్లు మోసినవాళ్లు. వాళ్లకు వినబడేలా చెప్పడం బల్ల ముందు కూర్చొని నేర్చుకోగలిగేది కాదు.

అచ్చులో వచ్చిన తెలుగు వాక్యం మరో దారిన వచ్చింది. లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్టణం చేరారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సహాయంతో సువార్తల అనువాదం మొదలైంది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ ప్రభువు నందు నిద్రించారు. ఆనాటి అనువాదాలకు పండితుల చేయి తోడైనందున సంస్కృత పదాలు ఎక్కువగా చేరాయి. ఆ గాంభీర్యం మనకు నేటికీ ప్రియమే. అయితే చదువురాని కూలీకి అది ఎలా చేరుతుంది?

ఆ పని పాట చేసింది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పద్యమూ వ్రాయగలరు, గద్యమూ వ్రాయగలరు. అయినా ఆయన పేరు ఇంటింటా నిలిచింది కీర్తనల వల్లనే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాటపాటకూ పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. భజనకు అలవాటుపడిన జనానికి వాళ్లు ఎరిగిన రాగంలోనే సువార్త వినిపించింది. అక్షరం రాని మా నాయనమ్మ తరం ఆ పాటలను కంఠస్థం చేసింది.

ఇరవయ్యో శతాబ్దంలో గిడుగు రామమూర్తి పంతులు గారు వ్యవహారిక భాష కోసం పోరాడినది కూడా చదివేవాని పక్షానే. బడిలో పిల్లవాడికి ఇంట్లో తల్లి మాట్లాడే భాషకూ పుస్తకంలో భాషకూ మధ్య గోడ ఎందుకని ఆయన అడిగారు. అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందు, 1530లో, మార్టిన్ లూథర్ తన అనువాదాన్ని సమర్థించుకుంటూ వ్రాసిన లేఖలో ఇలాంటి మాటే చెప్పాడు. ఇంట్లో తల్లిని, వీధిలో పిల్లలను, సంతలో సామాన్యుణ్ణి అడిగి తెలుసుకోవాలన్నాడు.

మన మాటలు బయట ఎలా వినబడతాయి?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. సంఘంలో పుట్టి పెరిగిన మనకు కొన్ని మాటలు ఊపిరిలాంటివి. అవి బయట వేరుగా వినబడతాయని మనకు తోచదు. "వాక్యం" అంటే మనకు దేవుని మాట, బడిపిల్లవానికి కర్త, కర్మ, క్రియ. "వర్తమానం" మనకు ప్రసంగం, వానికి కాలాల్లో ఒకటి. "సాక్ష్యం" అనగానే పొరుగువానికి కోర్టు గుర్తుకొస్తుంది. "రక్షణ" అంటే పోలీసులు, "విడుదల" అంటే జైలు లేదా సినిమా. "ఆత్మల భారం" అని కరపత్రంలో వేస్తే చదివినవాడు భయపడినా ఆశ్చర్యం లేదు!

ఈ మాటలు విడిచిపెట్టమని నేననడం లేదు. సంఘంలో అవి మన ఇంటి గిన్నెలు. కాని అతిథికి వడ్డించేటప్పుడు అతడు తినగలిగే కంచం పెడతాం గదా. నెహెమ్యా ఎనిమిదవ అధ్యాయంలో లేవీయులు ధర్మశాస్త్రాన్ని చదివి ఊరుకోలేదు, జనం గ్రహించేలా అర్థం చెప్పారు. జనం మొదట ఏడ్చారు, తరువాత సంతోషించారు. అర్థమైంది కాబట్టే ఆ రెండూ జరిగాయి.

సంఘం పేరున వ్రాసేవాళ్లు, అంటే పాస్టర్లు, సెక్రటరీలు, యౌవనస్థులు, కనీసం నలుగురు పాఠకులను మనసులో ఉంచుకోవాలి.

మొదటివారు సంఘంలోని పెద్దలు. వీళ్లకు బైబిలు భాషే ధైర్యం. దుఃఖంలో ఉన్న ఒక అవ్వకు సులువు భాష పేరుతో సినిమా మాటలు వ్రాస్తే ఆమెకు ఆదరణ దొరకదు. ఆమెకు చిన్ననాటి నుండి తెలిసిన కీర్తనను గుర్తుచేయండి. అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉండాలి.

రెండవవారు ఫోనులో చదివేవాళ్లు. వీళ్లలో కువైట్, దుబాయ్, మస్కట్ వంటి చోట్ల ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లను మరువకండి. కువైట్‌లో రాత్రి పదకొండు గంటలకు పని ముగించి ఆమె ఫోను పట్టుకునేసరికి మనకు ఒంటిగంటన్నర. ఆమెకు నిండు పేజీ ఫోటో పంపితే దాన్ని పెద్దది చేసుకొని చదివే ఓపిక ఎక్కడిది? ఒక నిమిషం గొంతు పంపితే పడుకొని వింటుంది. హబక్కూకు ప్రవక్తకు దేవుడు ఇచ్చిన ఆజ్ఞ ఇదే గదా, పరుగున పోయేవాడు కూడా చదవగలిగేంత స్పష్టంగా వ్రాయమన్నాడు.

మూడవవారు ఇతర విశ్వాసాల పొరుగువాళ్లు. వాళ్లకు వ్రాసేటప్పుడు మొదటి పంక్తిలోనే సంగతి రావాలి. ఎవరికి ఏమైంది, ఏం కావాలి, ఎవరిని కలవాలి. మన స్తోత్రం మనం ప్రార్థనలో చెల్లిద్దాం.

నాలుగవవారు సచివాలయం, తహశీల్దారు కార్యాలయం, ఆసుపత్రి వంటి చోట్ల కాగితం చూసే ఉద్యోగులు. వాళ్ల బల్ల మీద రోజూ ఎన్నో అర్జీలు. అక్కడ కావలసినవి పేరు, ఆధార్ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, డాక్టరు ఇచ్చిన కాగితాలు, మనం కోరేదేమిటో ఒక్క వాక్యం. నా కాగితంలో యోబు ఉన్నాడు గాని ప్రమాదం జరిగిన తేదీ లేదు.

మార్చకూడనిది

ఆ పెద్దమనిషి మాటలు విన్న మరుసటి ఆదివారం యౌవనస్థులను కూర్చోబెట్టి ఆ ఒక్క ఉత్తరాన్ని నాలుగుగా వ్రాయించాను. అప్పుడే మరో ప్రమాదం కనబడింది. గల్ఫ్‌కు పంపే దానిలో ఒక తమ్ముడు "ముగ్గురు పిల్లలు, మూడు రోజులుగా పొయ్యి వెలగలేదు" అని వ్రాశాడు. "అలా వ్రాస్తేనే త్వరగా పంపుతారండి అయ్యగారూ" అన్నాడు. అతని మనసు మంచిదే. పొరుగువాళ్లకు ఇచ్చే దానిలో సంఘం పేరు అసలు వేయవద్దని మరొక చెల్లి అంది. చర్చి అని చూస్తే చదవరేమోనని ఆమె భయం.

అప్పుడు వాళ్లకు గలతీ పత్రిక రెండవ అధ్యాయం చదివి వినిపించాను. అంతియొకయలో పేతురు కూడా మనుషులను బట్టి మారాడు. అన్యజనులతో కలిసి భోంచేస్తూ ఉన్నవాడు, యాకోబు యొద్ద నుండి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. అందరికీ అన్నివిధాలైన వాడనయ్యానన్న పౌలే పేతురును ముఖాముఖిగా గద్దించాడు. ఇద్దరూ మారారు గదా, మరి తేడా ఏమిటి? పౌలు ఎదుటివాడు అర్థం చేసుకోవాలని మారాడు. పేతురు ఎదుటివాడు తనను ఏమంటాడోనని మారాడు. పౌలు లుస్త్రలో వాన గురించి మాట్లాడినా వ్యర్థమైన వాటిని విడిచి జీవముగల దేవుని వైపు తిరగమని చెప్పకుండా ఊరుకోలేదు. ఏథెన్సులో కవులను తలచినా పునరుత్థానాన్ని దాచలేదు. దాని వల్ల కొందరు అపహాస్యం చేశారు కూడా.

దీనికి ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. మనం వ్రాసిన నాలుగు కాగితాలనూ ఒకే బల్ల మీద పెట్టాలి. సంఘపు అవ్వ, కువైట్ సహోదరి, వీధి చివరి పెద్దమనిషి, కార్యాలయపు ఉద్యోగి, నలుగురూ ఆ బల్ల చుట్టూ కూర్చొని ఒకరి కాగితం ఒకరు చదువుకున్నారనుకోండి. "నాకు ఇంత చిన్నగా చెప్పారేం?" అని ఎవరైనా అడిగితే మనకు సిగ్గు లేదు. "నాకు ఇద్దరు పిల్లలన్నారు, ఆమెకు ముగ్గురన్నారేం?" అని అడిగితే మన ముఖం ఎక్కడ పెట్టుకుంటాం? భాష మారవచ్చు, వరుస మారవచ్చు, పొడవు మారవచ్చు. లెక్క మారకూడదు. మనమెవరమో దాచకూడదు.

కాబట్టి ముగ్గురు అన్నది ఇద్దరైంది. వెలగని పొయ్యి కొట్టివేయబడింది. పొరుగువాళ్ల కాగితం ఐదు పంక్తులైంది. అందులో మూడవ పంక్తి ఇది: "చక్రాల కుర్చీ కావాలి. కొత్తది కానక్కరలేదు." సంఘం పేరు, ఫోను నంబరు కింద వేశాం. గల్ఫ్‌కు ఆ సహోదరుని భార్య తన గొంతుతోనే ఒక నిమిషం మాట్లాడింది. ఏడ్వలేదు. నెలకు మందుల ఖర్చు ఎంతో, ఎంతవరకు తను కూలికి వెళ్లి తెచ్చుకోగలదో, ఎంత తక్కువవుతుందో చెప్పింది. సదరం ధ్రువపత్రం కోసం అర్జీ అరపేజీలో తేదీలతో వెళ్లింది.

పక్క ఊరి నుండి చక్రాల కుర్చీ వచ్చింది. పంపినవారిది ఏ మతమో మేము అడగలేదు. గల్ఫ్ నుండి నలుగురు సహోదరీలు ఆరు నెలలు మందుల ఖర్చు పంచుకున్నారు. ధ్రువపత్రం రావడానికి సమయం పట్టింది గాని, కాగితం సరిగా లేదని ఎవరూ తిప్పి పంపలేదు. ఆ సహోదరుడు ఇంకా నడవలేదు. నడవాలని ప్రార్థిస్తూనే ఉన్నాం. వీపు మీద మచ్చ మాత్రం అలాగే ఉంది. అతణ్ణి చూడబోయినప్పుడల్లా నా కంటికి అదే కనబడుతుంది.

ప్రియులారా, క్రొత్త నిబంధన పండితుల గ్రీకులో కాక బజారులో వాడే గ్రీకులో మనకు ఇవ్వబడింది. వాక్యమైయున్నవాడు శరీరధారియై మన మధ్య కాపురమున్నాడు, మన మాటల్లో మాట్లాడాడు. విత్తువానికి విత్తనాల గురించి, జాలరికి వలల గురించి చెప్పాడు. ఆయన సేవకులమైన మనం ఈసారి కలం పట్టినప్పుడు, లేక ఫోను తీసినప్పుడు, మొదటి మాటకు ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఎవరు చదువుతారో వారి ముఖాన్ని తలచుకుందాం. వీలైతే పంపకముందు అలాంటి ఒకరికి చదివి వినిపించి, "ఏమర్థమైంది?" అని అడుగుదాం. వాళ్లు చెప్పినది మనం అనుకున్నది కాకపోతే తప్పు వాళ్లది కాదు.

జనం అడ్డమైనప్పుడు ఆ నలుగురు కప్పు విప్పారు. మన మాటలే అడ్డమైనప్పుడు వాటిని విప్పే వినయాన్ని ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.